నవవధువుతో నాలుగు మాటలు: ఆగ్రాలో తొలినాడు



మాఘ ఫాల్గుణ ముహూర్తములలో పెండ్లియై, చేతుల గోరింటాకు వెలియకమునుపే ప్రయాణమునకు పెట్టె సర్దుకొను చెల్లెండ్ర కొరకు ఈ మాసము ఈ శీర్షికను వినియోగించుచున్నాను. పూర్వము మన యిండ్లలో పెండ్లియైన పిమ్మట మనుగుడుపులుండెడివి. అల్లుడు అత్తవారింట కొన్ని దినములు గడపెడివాడు. పిండివంటలు, మరదండ్ర పరిహాసములు, పెద్దల పలకరింపులు, ఇంటినిండ జనము. ఆ సందడిలో భార్యాభర్తలు తీరికగా నాలుగు మాటలాడుకొనుటకు చోటే చిక్కెడిది కాదు. నేడు అనేక కుటుంబములు వధూవరులను హనీమూను పేరిట ఏదో యొక యూరికి పంపుచున్నవి. ఇది పరాయి ఆచారమని ముక్కు విరుచు పెద్దలు ఇంకను కొందరున్నారు. పరాయిదే కావచ్చును గాని, కావలసినన్ని దినములు ఇద్దరే యుండు అవకాశమును ఇచ్చు ఆచారము మనకు వేరొకటి లేదు గనుక నేను దీనిని కాదనను.

ఏ యూరికి పోవలెనని అడిగినవారికి కొండలకన్న, సముద్రతీరములకన్న ఒక పాతనగరమునే నేను చెప్పుదును. అలల యెదుట ఇరువురును మౌనముగా గంటలకొలది కూర్చుండవచ్చును. పాతనగరమున మాటలాడక తీరదు. ఇది యెవరు కట్టిరి, ఎందులకు కట్టిరి, మీకు నచ్చినదా, నాకేల నచ్చలేదు — ఇట్లు మాట మాటను లాగును. నిశ్చయతాంబూలములు మొదలు పెండ్లివరకు ఫోనులో ఎంత ముచ్చటించుకొన్నను, ఎండలో నడచి అలసి ఆకలిగొన్నప్పుడు ఎదుటి మనిషి స్వభావమెట్టిదో ఫోను చెప్పదు గదా! మొదటినాటి విహారము దానిని చెప్పును.

ఈసారి ఆగ్రాను గూర్చి వ్రాయుచున్నాను. హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు తెలంగాణ ఎక్స్‌ప్రెస్సు ఆగ్రా కంటోన్మెంటు స్టేషనున ఆగును గనుక మనవారికి ప్రయాణము సుకరము. అయితే వైశాఖ జ్యేష్ఠములలో పెండ్లియైనవారు మరియొక చోటు చూచుకొనుట మేలు. అక్కడ మే జూను మాసములలో ఎండ 40 డిగ్రీలు దాటి వడగాలి వీచును. డిసెంబరు జనవరులలో పొగమంచు క్రమ్మి, ఎదుటనున్న గోపురముకూడ కానరాని ఉదయములు కలవు. ఫిబ్రవరి మార్చి మాసములును, దీపావళికి అటునిటు దినములును అనుకూలములు.

ఇక నా మొదటి సలహా విని కొందరు నవ్వవచ్చును. తొలినాడు తాజమహలు లోపలికి పోవలదు. రైలు దిగి పెట్టెలు గదిలో పడవైచి, స్నానమైనను సరిగా చేయక, తాజు దగ్గరకు పరుగిడి, జనసమ్మర్దములో నాలుగు ఛాయాచిత్రములు తీసికొని, మధ్యాహ్నమునకే తలనొప్పితో తిరిగివచ్చువారు పెక్కుమంది. ఆ కట్టడమును చూచుటకు సూర్యోదయమే తగిన సమయము. సూర్యోదయమునకు అరగంట ముందుగనే ద్వారములు తెరతురు. అది రెండవనాటి పని. శుక్రవారము తాజు మూసియుందురు గనుక ఆనాడు దిగినవారికి ఈ ఏర్పాటు మరింత కుదురును. తొలినాడు తాజును దూరమునుండి మాత్రమే, మొదట కోటనుండియు, సాయంకాలము నది ఆవలి యొడ్డునుండియు చూడుడు. ఆ నడుమ ఆ కట్టడము వెనుకనున్న కుటుంబకథను తెలిసికొనుడు. కథ తెలిసి చూచిన చూపు వేరుగా నుండును.

బయలుదేరుటకు ముందు రెండు చిన్న సంగతులు. కొత్త మెట్టెలతో రాతినేలమీద నాలుగు గంటలు నడచినచో వ్రేళ్లు ఒరిసికొనిపోవును. కొత్త చెప్పులుకూడ దానికి తోడైనచో మధ్యాహ్నమునకే కుంటవలసివచ్చును. పాత చెప్పులే తొడిగికొనుడు. మెట్టెల క్రింద మెత్తని గుడ్డపీలిక చుట్టుకొనుడు. నొప్పి పుట్టినప్పుడు, “ఏమండీ, కొంచెము కూర్చుందాము” అని చెప్పుడు. ఏమనుకొందురో అని పండ్లు బిగబట్టి నడచుట పెద్ద గుణమని మన తల్లులు నేర్పిరి. ఆ గుణము మొదటినాడు చూపిన ఇల్లాలు తరువాత ముప్పదియేండ్లు చూపవలసివచ్చును. రెండవది డబ్బు. పర్సు ఆయన జేబులో మాత్రమే యుండి, మంచినీళ్ల సీసాకుకూడ చేయి చాపవలసిన స్థితి యుండరాదు. రోజు ఖర్చు ఇంతయని రాత్రియే అనుకొని, అందులో కొంత మీ సంచిలోనుంచుకొనుడు.

ఉదయమున అక్కడివారు తిను బేడయి అను ఫలహారమును రుచి చూడుడు. మినపపప్పు కూరిన పొంగిన పూరి, ప్రక్కన కారముగా బంగాళాదుంపల కూర, పిదప జిలేబి. మనకు ప్రొద్దుటనే జిలేబి యేమిటని తోచును గాని, ఆ కారముపైన ఆ తీపి బాగుగనే యుండును.

ఫలహారమైన వెంటనే కోట. ఇది విశాలము, కాళ్లలో సత్తువ యున్నప్పుడే చూడవలెను. అక్బరు 1565లో ఆరంభించి 1573 నాటికి ఎఱ్ఱరాతితో దీనిని కట్టించెను. కోటలో కొంత భాగము సైన్యము చేతిలో నున్నది. మనము అమరసింగు ద్వారమున ప్రవేశింతుము. లోపల మొదట వచ్చునది జహంగీరీ మహలు. పేరు కుమారునిదైనను అక్బరు కాలపు రాణివాసము. స్తంభములపై దూలములను మోయు రాతి కొయ్యలను చూడుడు. మన దేవాలయ మండపములలోని పనితనము జ్ఞప్తికి వచ్చును. దానిని దాటగనే ఎఱ్ఱరాయి పోయి తెల్లని పాలరాయి వచ్చును. ఖాస్ మహలు, దాని ప్రక్కన అష్టకోణపు ముసమ్మన్ బురుజు షాజహాను కట్టించినవి. అక్కడినుండి యమున వంపు, ఆ వంపునకు ఆవల తాజు కనబడును.

ఈ గదులలో ముంతాజు మహలు విహరించెనని చెప్పు మార్గదర్శకులుందురు. ఇచట సంవత్సరములు గుర్తుంచుకొనుట మంచిది. షాజహాను 1628లో సింహాసనమెక్కెను. ముంతాజు 1631 జూనులో మరణించెను. అనగా ఆమె పట్టపురాణిగా నుండినది మూడేండ్లకు కొంచెము మీద. ఈ పాలరాతి గదులు ఆమె పోయిన తరువాతి సంవత్సరములలో రూపొందినవి. ఇచట నిజముగా దినములు గడపినది ఆమె కుమార్తె జహనారా. 1658లో ఔరంగజేబు తండ్రిని ఈ కోటలోనే నిర్బంధించెను. 1666 జనవరిలో మరణించువరకు, ఏడేండ్లకు పైగా, షాజహాను ఇచటినుండియే తాజును చూచుచుండెను. చెంతనుండి సేవ చేసినది జహనారా. తల్లి పోవునాటికి ఆమెకు పదునేడేండ్లు. అప్పటినుండి అంతఃపురపు పెత్తనము ఆమెదే. ఆమె వివాహము చేసికొనలేదు. 1681లో మరణించినప్పుడు ఆమెను ఢిల్లీలో నిజాముద్దీను దర్గా ఆవరణమున ఉంచిరి. ఆ సమాధికి పైకప్పు లేదు, నడుమ పచ్చిక మాత్రమే. ఢిల్లీ పోవువారు చూడవచ్చును.

పన్నెండు గంటలకు గదికి తిరిగివచ్చి, భోజనము చేసి, నిద్రింపుడు. ఇంత దూరము వచ్చి నిద్రయా అని ఆయన అనవచ్చును. అనినచో ఆయనను ఒంటరిగా బజారునకు పంపుడు. భార్య నిద్రించుట, భర్త బజారు తిరుగుట రెండును హనీమూనులో తప్పులు కావు. నిమిషమైనను విడువక యుండుటయే ప్రేమయని సినిమాలు చెప్పుగాక!

మూడు గంటలకు యమున దాటుడు. సాయంకాలము చూడవలసిన రెండు చోట్లును ఆవలి యొడ్డుననే గలవు గనుక ఒక్కమారు దాటిన చాలును. మొదటిది ఇత్మదుద్దౌలా సమాధి. ఆటోవాండ్రు దీనిని చిన్న తాజనుదురు. ఆ పేరు నాకు నచ్చదు. ఇది తాజుకంటె ముందు పుట్టినది. అక్కగారిని చెల్లెలి పేరుతో పిలుచుట యేమి న్యాయము?

మీర్జా గియాసు బేగు అను పారసీకుడు చితికిన స్థితిలో ఇల్లు విడిచి, నిండు గర్భిణియైన భార్యతో హిందూదేశమునకు బయలుదేరెను. త్రోవలో కాందహారున 1577లో వారికొక ఆడపిల్ల పుట్టెను. ఆ పిల్లయే తరువాత జహంగీరును 1611లో పెండ్లాడిన నూర్జహాను. తండ్రి మంత్రియై ఇత్మదుద్దౌలా అను బిరుదమందెను. తల్లి అస్మతు బేగము సామాన్యురాలు కాదు. గులాబీ అత్తరును కనుగొనినది ఈమెయేనని జహంగీరు తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. గులాబీ పన్నీరు కాచునప్పుడు పైన తేలిన నూనెతెట్టును పారబోయక చేర్చి చూచినదట. వంటింటి చూపు అట్టిది! ఆమె 1621లో మరణించెను. కొద్ది నెలలకే, 1622 జనవరిలో, భర్తయు పోయెను. కుమార్తె వారిద్దరికి ప్రక్కప్రక్కన సమాధులు నిలిపి, 1628 నాటికి ఈ భవనమును పూర్తిచేయించెను.

ఇచట తొందరపడకుడు. గోడల పాలరాతిలో రంగురాళ్లను పొదిగి పూలకుండీలు, సరుగుచెట్లు, పండ్లు, కూజాలు దీర్చిరి. ముగ్గు పెట్టుట తెలిసిన ఆడువారికి ఈ గోడలు మగవారికన్న బాగుగా తెలియును. ఎచట చుక్క నిలిపిరి, గీత ఎచట మలచిరి, అంచు ఎట్లు కలిపిరి అని మీరు ఆయనకు చూపుడు. ఉదయమంతయు కోటలో ఆయన చెప్పగా మీరు వినియుందురు. ఇచట మీరు చెప్పగా ఆయన విననిండు. వినువాడో కాడో కూడ ఇచటనే తెలియును.

ఈ గియాసు బేగు మనుమరాలు, నూర్జహాను అన్న కుమార్తె అర్జుమందు బాను. ఆమెయే ముంతాజు. తాతయవ్వల సమాధినుండి మనుమరాలి సమాధివైపునకు మెల్లగా రండు. అదే యొడ్డున కొంత దూరమునకు మెహతాబు బాగు, అనగా వెన్నెలతోట. తాజునకు సరిగా ఎదురుగా, నడుమ యమున మాత్రముండును. ఇచట నల్లరాతితో రెండవ తాజును కట్టదలచిరని ఒక కథ కలదు. 1990లలో త్రవ్వినప్పుడు నల్లని తాజునకు పునాదులు దొరకలేదు. పెద్ద అష్టకోణపు కొలను మాత్రము బయటపడినది. నిండు నీటిలో తాజు నీడను చూచుకొనుటకై ఆ తోట. జనము తక్కువ. సూర్యాస్తమయమునకు ముందు ఒక గంట గడ్డిమీద కూర్చుండుడు. ఫోనును సంచిలో వేయుడు.

ఈ గంట కొరకే నేను ఇంత దూరము మిమ్ము నడపించితిని.

ఎదుట కనబడునది ప్రేమచిహ్నమని చిన్ననాటినుండి వినుచున్నాము. అది అసత్యమని నేననను. అర్జుమందునకు 1607లో నిశ్చితార్థమయ్యెను, 1612లో వివాహము. షాజహానునకు ఇతర భార్యలుండినను ఈమెయందే మక్కువ. యుద్ధయాత్రలకుకూడ వెంటనే తీసికొనిపోయెడివాడు. పందొమ్మిదేండ్ల కాపురములో ఆమె పదునలుగురు బిడ్డలను కనెను. వారిలో ఏడుగురే బ్రతికిరి. దక్కను దండయాత్రలో బుర్హానుపురమున పదునాలుగవ కాన్పు. బిడ్డ బ్రతికినది, తల్లి పోయినది. అప్పటికి ముంతాజు వయసు ముప్పదియెనిమిది. మొదట అచటనే ఒక తోటలో పూడ్చి, కొన్ని నెలలకు దేహమును ఆగ్రాకు తెచ్చిరి. 1632లో కట్టడము మొదలు. చుట్టుప్రక్కల పనులతోకూడ పూర్తియగుటకు 1653 వచ్చెనందురు. మక్రానానుండి పాలరాయి వచ్చినది. దేశదేశముల పనివారు వచ్చిరి. ఇరువదేండ్ల శ్రమ, లెక్కలేని ధనము.

ప్రేమ లేదా? ఉన్నది. ప్రేమ యుండియు ప్రాణము దక్కలేదు. ఆ కాలమున రాజునకైనను చేతిలో సాధనము లేదు గనుక నేను షాజహానును నిందింపను. నేడు సాధనములు లేవనుటకు వీలులేదు. మన ప్రభుత్వము 1952లోనే కుటుంబనియంత్రణ కార్యక్రమము నారంభించెను. 2017నుండి అంతర అను సూదిమందు, ఛాయ అను మాత్ర సర్కారు ఆసుపత్రులలో ఉచితముగా నిచ్చుచున్నారు. ఒక కాన్పునకును మరల గర్భము ధరించుటకును నడుమ కనీసము రెండేండ్ల యెడముండవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. పదునాలుగు కాన్పులలో ముంతాజునకు ఆ యెడము ఎన్నిమారులు దొరికియుండునో పందొమ్మిదేండ్లను పంచి చూడుడు.

కావున ఈ తోటలో కూర్చున్నప్పుడు ఆ సంగతి ఎత్తుడు. బిడ్డలు ఎప్పుడు, ఎందరు, మీ చదువు ముగిసిన తరువాతనా, ఉద్యోగము స్థిరపడిన తరువాతనా, ఏ పద్ధతి, ఏ వైద్యురాలు? సిగ్గు వచ్చును, నిజమే. కాని మీరు ఇల్లు చేరిన రెండవ నెలనుండియే అత్తగారు, పిన్నత్తగారు, ప్రక్కింటివారు, “ఏమైనా విశేషమా అమ్మాయీ?” అని అడుగుట మొదలిడుదురు. వారి యందు చెడుతలంపు ఉండనక్కరలేదు. మన యిండ్లలో పలకరింపే అట్టిది. అప్పుడు మీరు తలవంచుకొని నిలుచుండగా, ఆయన పత్రిక చాటున ముఖము దాచుకొనిన ప్రయోజనమేమి? “మేమిద్దరము రెండేండ్లు ఆగుదమనుకొన్నామమ్మా” అని ఆయనయే తల్లితో చెప్పవలెను. కోడలు చెప్పిన ధిక్కారమగు మాట కొడుకు చెప్పిన నిర్ణయమగును. ఇది న్యాయము కాదు, కాని మన యిండ్లలో ఇంకను ఇట్లే యున్నది. ఆ మాట ఆయన నోట వచ్చుటకు ఈ సాయంకాలమున ఇద్దరును దానిని మాటలాడుకొని యుండవలెను.

ఆయన మొదట నవ్వి త్రోసిపుచ్చవచ్చును. “అప్పుడే ఎందుకు ఆ మాటలు?” అనవచ్చును. పట్టుపట్టవలదు, వదలను వలదు. నది ఆవలి తెల్లని కట్టడమును చూపి, “ఆమెకు పదునాలుగు కాన్పులటండీ” అని మాత్రమనుడు. చదువుకొనిన పిల్లవాడు, ఆలోచించును. వెంటనే బిడ్డలు కావలెనని మీకే యుండవచ్చును, అదియు చెప్పుడు. ఎట్లు నిర్ణయించినను నాకు సమ్మతమే, మీ ఇద్దరి నిర్ణయమైనచో.

ప్రొద్దు క్రుంకగనే తోట మూయుదురు. తిరుగుదారిలో ఆటో యతడు పాలరాతి బొమ్మల దుకాణమున ఆపుదుననును. అతనికి అక్కడ కొంత ముట్టును. తొలినాడు ఏమియు కొనకుడు. తరువాత కొనదలచినను, పాలరాయి యని బలపపురాయిని అంటగట్టువారు కలరు గనుక గోటితో గీచి చూడుడు. గీత పడినచో అది పాలరాయి కాదు. దీపము వెనుకనుంచిన పలుచని పాలరాతి గుండ వెలుగు కనబడును. కొనదగినది పేఠా. మనము వడియములు పెట్టు బూడిదగుమ్మడికాయయే. ముక్కలను సున్నపునీటిలో నానవైచి, కడిగి, ఉడికించి, చక్కెరపాకములో వేయుదురు. ఆరిన పేఠా నిలువయుండును. ఇంటికి తెచ్చుటకు అది మేలు. పాకముతో తడిగానుండునది గదిలోనే తినివేయుడు. అత్తగారికొక పెట్టె, అమ్మకొక పెట్టె, రెండును ఒకే పరిమాణమున కొనుడు.

రాత్రి త్వరగా పడుకొనుడు. తెల్లవారుజామున లేచి తాజునకు పోవలెను. ప్రధానసమాధిలోనికి పోవుటకు 2018నుండి వేరుగా రుసుమున్నది గనుక చీట్లు ముందుగనే తీసికొనుడు. లోపల సరిగా నడుమనున్నది ఆమె సమాధి. ప్రక్కన తరువాత చేరినది అతనిది. తాజు లోపలి పనితనమును, అక్కడినుండి పోవు ఫతేపురు సిక్రీని గూర్చి వచ్చు మాసము వ్రాయుదును.